అయిదు ప్రశ్నల కాగితం

పంచదార డబ్బా అడుగున కోడలికి అత్తగారి మెడ స్కాన్ రిపోర్టు దొరికింది.

"థైరాయిడ్‌లో గడ్డ కలదు. మంచిదే కావచ్చును. కాకపోవుటకును అవకాశము కలదు. తగు విధముగా చూచుకొనవలెను." కింద సంతకం లేదు. కాగితం మాత్రం తమ స్కాన్ సెంటర్‌దే.

కోడలు అక్కడే స్కాన్ డాక్టరు. నలభై ఏళ్లుగా ఆ సెంటర్ నడుపుతున్నది మామగారు. అందరికీ ఆయన పెద్ద డాక్టరు. మూడు నెలలుగా ఇద్దరికీ ఒకటే యుద్ధం. ఒక్కో డాక్టరు ఒక్కోలా రాస్తే రోగి ఏమైపోవాలని కోడలు అయిదు ప్రశ్నల ఫారం తెచ్చింది. గడ్డ గట్టిదా, నీళ్లదా? ఎంత నల్లగా ఉంది? నిలువు ఎక్కువా, అడ్డం ఎక్కువా? అంచులు నున్నగా ఉన్నాయా? లోపల తెల్ల చుక్కలున్నాయా? జవాబుకిన్ని మార్కులు. మొత్తం ఎక్కువైతే సైజు చూసి సూది పరీక్ష, తక్కువైతే ఇంటికి. నాకు మార్కులేమిటి, నేనేమైనా మూడో తరగతా అని మామగారు ఆ ఫారాల వెనక కూరగాయల జాబితాలు రాయడం మొదలుపెట్టారు.

కోడలు కాగితం పట్టుకుని వెళ్లేసరికి అత్తగారు కొడుక్కి కుక్కర్ పెట్టడం నేర్పుతున్నారు. వారంగా ఇదే వరస. కుట్టుమిషన్ పక్కింటికి వెళ్లిపోయింది. ఎందుకని అడిగితే మోకాళ్ల నొప్పులన్నారు.

"శనివారం ఆపరేషనమ్మా," అన్నారామె నెమ్మదిగా. "ఈ రాత చూసి సర్జను, అనుమానమెందుకు, తీసేద్దాం అన్నాడు. మీ మావయ్యకి మాత్రం చెప్పకు."

"ఈ స్కాన్ ఎవరు చేశారత్తయ్యా?"

"చెప్పను. చెబితే ఆ మనిషి అన్నం మానేస్తాడు. స్కాన్ చేశాక ఒక్క మాట మాట్లాడలేదమ్మా. పెళ్లయ్యాక ఆ నోరు మూతపడటం అదే మొదటిసారి. అప్పుడే అర్థమైంది, నా పని అయిపోయిందని."

కోడలు కుక్కర్ కింద స్టవ్ కట్టేసింది. పేషెంట్లు రాకముందే అత్తగారిని సెంటర్‌కి తీసుకెళ్లి, మామగారిని కూడా గదిలోకి పిలిచి, తలుపు మూసింది. టైపిస్టు మాత్రం బయటినుంచే, ఆ రిపోర్టు తను కొట్టలేదని రెండుసార్లు ప్రమాణం చేశాడు.

మెడ మీద జెల్ రాసి కోడలు తెర చూసింది. సగం నీళ్లు, ఒక మార్కు. మిగతాది చుట్టూ ఉన్న గ్రంథి రంగే, ఇంకొకటి. అడ్డమే ఎక్కువ, సున్నా. అంచులు నున్నగానే ఉన్నాయి, సున్నా. చుక్కల్లేవు, సున్నా.

"రెండు. క్యాన్సర్ భయం లేదత్తయ్యా. సూది కూడా అక్కర్లేదు. శనివారం ఆపరేషన్ వద్దని సర్జనుకి రాసిస్తాను, కాగితముందా?"

అత్తగారు కళ్లు తుడుచుకుంటూ సంచిలోంచి కూరగాయల జాబితా తీసిచ్చారు. కోడలు దాన్ని తిప్పింది. అవతలి వైపు అయిదు ప్రశ్నలకీ జవాబులున్నాయి. స్త్రీ, అరవై రెండేళ్లు. మొత్తం రెండు. కింద రెండు గీతలు. అక్షరాలు మామగారివి, తేదీ పోయిన బుధవారంది.

"ఆపరేషనా?" అన్నారాయన. "నాతో చెప్పలేదేమే?"

"మీరు నాతో చెప్పారా?" అన్నారు అత్తగారు.

పెద్ద డాక్టరు పేషెంట్ల స్టూలు మీద కూలబడ్డారు.

"నేనే రాశాను. తెర మీద నీ గడ్డ మంచిదిలాగే కనబడింది. నా కళ్లని నేను నమ్మలేక ఫారం నింపాను. రెండొచ్చింది. మళ్లీ నింపాను, రెండే. ప్రాణం లేచొచ్చింది. అంతలో గుర్తొచ్చింది, ఇది కోడలు తెచ్చిన కాగితమని. దీన్ని ఫైల్లో పెడితే నేను ఓడిపోయినట్టే. అందుకని వెనక్కి తిప్పి ఉల్లిపాయలు, టమాటాలు అని రాసి, రిపోర్టు నా పద్ధతిలో కొట్టాను. నలభై ఏళ్లుగా అందరికీ అదే రాశానే. అది చదివి జనం ఇంటికెళ్లి ఏం చేస్తారో నాకెప్పుడూ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. కుట్టుమిషన్లు పంచిపెడతారు."