కుడి ముందు చక్రం

ఎస్తేరమ్మ నీళ్ల గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. దాన్ని బల్ల మీద పెట్టేసింది.

"ఇయ్యాల సాయంత్రం మా ఆయనను నాగర్‌కర్నూల్ కోర్టుకు పట్కపోతరంట సార్. ఆడికెళ్లి జైలుకే అంటుండ్రు. ముప్పై ఏండ్లు రెడ్డి సారు బండిని సొంత బిడ్డ లెక్క చూసుకున్నడు. గట్లాంటోడు రెడ్డి సారును చంపుతడా?"

వనపర్తి బస్టాండు ఎదురుగా, జిరాక్సు షాపు మీది గదిలో ప్రైవేటు డిటెక్టివ్ కురుమూర్తి ఆమె మాటలు చివరిదాకా విన్నాడు. పక్కన సహాయకుడు నాగేశ్ రాసుకుంటున్నాడు. ఊళ్లోకి కంప్యూటర్లు వచ్చి తన టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, నలభై ఏళ్ల వయసులో నాగేశ్ ఇక్కడ చేరాడు. కురుమూర్తి ఏ ప్రశ్న ఎందుకు అడుగుతాడో ముందే ఊహించాలని ప్రతి కేసులోనూ చూస్తాడు. నాలుగేళ్లలో ఒక్కసారీ కుదరలేదు.

అది 2004 డిసెంబరు. చనిపోయిన బుచ్చారెడ్డి బిజినేపల్లి దగ్గర వేరుశనగ పండించే రైతు. పాతికేళ్ల వయసులో, హైదరాబాద్‌లో ఓ ఇంగ్లీషు ఇంజనీరు దేశం వదిలిపోతూ అమ్మిన ఎం.జి. స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, సన్నని తీగ చువ్వల చక్రాలు. దాంతో మద్రాసు దాకా వెళ్లి పందేలు ఆడాడు. తర్వాత బోర్లు ఎండిపోయాయి, జుట్టు నెరిసింది, ఆ పిచ్చి మాత్రం తగ్గలేదు. ఏటా డిసెంబరు మొదటి ఆదివారం, పాత కార్లున్న స్నేహితులను పిలిచి, కొత్త రోడ్డు పడ్డాక వదిలేసిన పాత రోడ్డు మీద పందెం పెట్టేవాడు. మొన్నటి పందెంలో, కల్వర్టు మలుపు దగ్గర, అతని కారు కుడి ముందు చక్రం ఊడిపోయింది. కారు బండల్లోకి పల్టీ కొట్టింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి అక్కడికక్కడే పోయాడు.

చక్రాలు బిగించేది ఎస్తేరమ్మ భర్త, మెకానిక్ యోసేపు ఒక్కడే. అందుకే పోలీసులు అతన్ని పట్టుకున్నారు.

లాకప్పులో యోసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"యోసేపన్నా, ముందురోజు రెడ్డితోని కొట్లాడినవంట?"

"కొట్లాడిన సార్. నీకు చూపు ఆనుతలేదు, ఇంక ఎక్కకు, చస్తవ్ అన్న. బాధకు అన్న. గా మాటనే నా మెడకు సుట్టుకున్నది."

"చక్రం ఎట్ల బిగిస్తరు?"

"చక్రానికి ఒకటే నట్టు సార్, నడిమిట్ల. రెండు చెవులుంటయి. చెవి మీద రాగి సుత్తెతోని కొట్టి తిప్పాలె. ఇనుప సుత్తె తగిలితే సొట్ట పడుతదని రెడ్డి సారు ఒప్పుకోడు. ఎడమ పక్క నట్లు అందరికి తెలిసినట్టే తిరుగుతయి. కుడి పక్కవి ఉల్టా."

"ఉల్టా అని నట్టు మీద రాసుండదా?"

"ఉండె. తుడిచి తుడిచి నలభై ఏండ్లల్ల అరిగిపోయింది. నాకు, రెడ్డి సారుకు తప్ప తెల్వదు. తెల్లారంగనే నాలుగూ నేనే బిగించిన. ఎర్ర జెండా పట్కొని కల్వర్టు కాడికి పోయి నిలబడ్డ. నా కండ్ల ముందటనే చక్రం ఊడింది."

రోడ్డు మీద దొరికిందని ఎస్.ఐ. చూపించిన, ఊడిన చక్రం నట్టును కురుమూర్తి కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. రెండు చెవులకూ, రెండు వైపులా, లోతైన సొట్టలున్నాయి. మధ్య గుంటలో నూనెతో అతుక్కున్న నారింజ రంగు పొడి. వేలితో తాకి, నాగేశ్‌కు చూపించాడు. నాగేశ్ తలూపాడు గానీ అతనికేమీ అర్థం కాలేదు.

బుచ్చారెడ్డి ఇంట్లో చాప మీద అతని భార్య పుష్పమ్మ కూర్చుని ఉంది.

"అమ్మా, పందెం నాడు బండికి పూజ చేసిండ్రా?"

"ఏటా చేస్త బిడ్డా. యోసేపు బిగించి పోయినంక, నాలుగు చక్రాల నట్లకు పసుపు రాసి కుంకుమ పెట్టిన. నా దేవునర్రల పటాల కాడి కుంకుమనే."

"తర్వాత బండి కాడ ఎవరున్నరు?"

"ఎవరూ లేరు. ఆయన తానానికి పోయిండు. దోస్తులు వనపర్తి లాడ్జిల దిగి, సీదా రోడ్డు మీదికే పోయిండ్రు. ఇంట్ల నేను, మా ఆడబిడ్డ కొడుకు శ్రవణ్. అంతే."

వాకిట్లో శ్రవణ్ కుమార్ నడిపే బోరు బండి, పొలాల్లో బోర్లు వేసే లారీ, నిలబడి ఉంది. అద్దం మీద ఆంజనేయుడి బొమ్మ. శ్రవణ్‌కు ముప్పై ఐదేళ్లుంటాయి. నుదుట సింధూరం బొట్టు.

"పందెంల నీ పనేంది?" అడిగాడు కురుమూర్తి.

"గడియారం పట్కొని టైము చెప్పుడు. ఇరవై ఏండ్ల సంది గదే."

"బండి ఎన్నడన్న నడిపినవా?"

"నడుపుడా? తుడువనియ్యడు సార్ మా మామ! బోరు బండి చేతులు, గీతలు పడుతయ్ అంటడు. ఆ నట్లు జన్మల ముట్టలే. యోసేపు చస్తవని ఒర్లింది మాత్రం ఈ చెవులతోనే ఇన్న."

మధ్యాహ్నం మూడింటికి కురుమూర్తి అందరినీ బుచ్చారెడ్డి కారు షెడ్డులోకి పిలిపించాడు. నుజ్జయిన కారును ట్రాక్టరుతో అక్కడికి లాక్కొచ్చి పెట్టారు. ఒక పక్క ఎస్.ఐ., కానిస్టేబుల్, వాళ్ల మధ్య యోసేపు. తలుపు దగ్గర ఎస్తేరమ్మ. పుష్పమ్మ వెనుక శ్రవణ్.

"సార్, ఈ కుడి వెనుక చక్రం ఇప్పించి చూడాలె," అన్నాడు కురుమూర్తి ఎస్.ఐ.తో. "యోసేపు వద్దు. వేరేవాళ్లు ఇప్పాలె."

కానిస్టేబుల్ ముందుకొచ్చి, రాగి సుత్తె తీసుకుని, నట్టు చెవి మీద ఎడమకు తిరిగేలా కొట్టాడు. కదల్లేదు. మళ్లీ కొట్టాడు.

"తుప్పు పట్టినట్టున్నది సార్," అన్నాడు రొప్పుతూ. మూడోసారి సుత్తె పైకెత్తాడు.

"గట్ల గాదన్నా! ఇంక బిగుస్తది, నట్టు మర ఖరాబైతది! ఇటు తే." శ్రవణ్ సుత్తె లాక్కుని, నట్టు రెండో చెవి మీద కుడికి తిరిగేలా ఒక్క దెబ్బ కొట్టాడు. నట్టు కదిలింది.

యోసేపు తలెత్తి శ్రవణ్ వైపు చూశాడు.

"జన్మల ముట్టలేదంటివి కద శ్రవణ్," అన్నాడు కురుమూర్తి మెల్లగా. "ఇది ఉల్టా అని ఎట్ల తెలిసింది?"

"మామ... మామ చెప్పిండు."

"తుడువనియ్యనోడు మర సంగతి చెప్పిండా?" కురుమూర్తి ఎస్.ఐ. చేతిలోని నట్టు తీసుకుని అందరికీ చూపించాడు. "యోసేపు రాగి సుత్తె తప్ప వాడడు. ఇవి ఇనుప సుత్తె సొట్టలు. బోరు బండిల ఉండేటి సుత్తె. మొదలు మామూలు దిక్కుకు కొట్టిండు, ఇంక బిగిసింది. అప్పుడు ఉల్టా కొట్టిండు, వదులైంది. అందుకే సొట్టలు రెండు దిక్కుల. ముప్పై ఏండ్లు ఇప్పి బిగించినోనికి ఈ తడబాటు ఉండదు."

"మరి దీని మీది నారింజ పొడి ఏంది?" అన్నాడు ఎస్.ఐ.

"దెబ్బలకు అమ్మ పెట్టిన కుంకుమ రాలిపోయింది. బొట్టు లేని చక్రం అమ్మ కంట్ల పడుతది. దేవునర్రలకు పోతే అడుగుతది. అందుకని తను పెట్టుకునే ఆంజనేయుని సింధూరం పెట్టిండు. సింధూరం నూనెది, అతుక్కున్నది. ఆ మూడు నట్లు చూడున్రి, ఎర్ర కుంకుమ. ఇది నారింజ. ఇప్పింది పూజ అయినంకనే. అప్పటికి యోసేపు కల్వర్టు కాడ ఉన్నడు. ఇంట్ల ఉన్నది ఇద్దరే."

నాగేశ్‌కు పొద్దున కురుమూర్తి వేలికి అంటిన రంగు అప్పుడు గుర్తొచ్చింది.

పుష్పమ్మ వెనక్కి తిరిగింది. "శ్రవణా, నిజమేనారా?"

శ్రవణ్ సుత్తె కింద పడేశాడు. "సావాలని చెయ్యలే అత్తా. వచ్చే ఏడు ఈ సీట్ల నిన్నే కూసోబెడ్త అని ఏటా చెప్పె. శనివారం ఏమన్నడో తెల్సా? నా తర్వాత బండి యోసేపుకే, నీకు చెయ్యి తిరుగదు అన్నడు. చక్రం ఇంటి గేటు కాడనే ఊడుతది, అందరి ముందట పరువు పోతది, యోసేపు మీద నమ్మకం పోతది అనుకున్న. గేటు దాటింది. పందెం లైను కాడికి పోయింది. గడియారం నా చేతులనే ఉన్నది. ఆపు మామా అని ఒక్క మాట అంటే సరిపోతుండె. నోరు రాలే."

"మీ మామ కల్వర్టు దాకా పోయిండురా," అంది పుష్పమ్మ. "నువ్వు టైము లెక్కపెట్టుకుంటనే ఉంటివి."

ఎస్.ఐ. కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. శ్రవణ్‌ను బయటికి తీసుకెళ్లారు. ఎస్తేరమ్మ వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు. "ఇంటికి పోదాం పా," అంది.

యోసేపు కదల్లేదు. కింద పడి ఉన్న రాగి సుత్తె తీసుకుని, వంగి, శ్రవణ్ వదులు చేసిన నట్టును మూడు దెబ్బలతో బిగించాడు.

"ఈ బండి ఇంక నడవదు కదా యోసేపన్నా," అన్నాడు నాగేశ్.

"నడవదు సార్." యోసేపు చొక్కా అంచుతో నట్టు చెవులు తుడిచాడు. "అట్లని వదులుగ ఇడిచిపెట్టి పోతమా?"