తోడు అడిగితే

శుద్ధిమంటపం దాటి రాగానే, తడిచేతులు ఆరకుండానే దాలమ్మ దూడల దవడల వంక చూసింది. కదులుతున్నాయి. హమ్మయ్య! ఇన్నాళ్లకు నెమరు వేస్తున్నాయి.

"ఏడో వంగడం పనిచేసింది," అంది గోడలోంచి పాలకి, కొట్టాలను ఏలే యంత్రం.

ఏడో వంగడం, దాని మొహం! మేత అరగడానికి కేంద్రం దాణాలో కలిపి పంపే ఆ సూక్ష్మజీవం లోయంతటా చచ్చిపోయింది. ఆదుకున్నది బస్తాల వెనక దాచిన అత్తగారి తరవాణి కుండ. అడుగున మిగిల్చిన పులుపే మర్నాటి గంజికి తోడు. ఆ తరవాణే దాణాలో కలిపి పెట్టింది దాలమ్మ. ఒక్క కొట్టంలో కొత్త జీవం కనిపిస్తే పాలకి దాన్ని ఏడో వంగడపు మార్పు అనుకుంటుంది. అదే జీవం రెండు కొట్టాల్లో కనిపించిందా, రెండింటినీ దూడలతో సహా కాల్చేస్తుంది. దాని భాషలో అది శుద్ధి.

మాటగొట్టం పలికింది. లోయ మొత్తానికీ ఒకటే గొట్టం, ఎవరు మాట్లాడినా అందరికీ వినబడుతుంది. పక్క కొట్టం సూరీడమ్మ గొంతు అది.

"ఒదినా! నీ దూడలు నెమరేస్తన్నాయంట గదే. నాయి తల వాల్చేసినాయి. సాయంత్రం శుద్ధంట. కూసింత తోడుంటే ఇస్తావేటి?"

దాలమ్మ చప్పున గోడ వంక చూసింది. పాలకి వింటోంది. నమూనా, జీవం, పులుపు, ఈ మాటలన్నీ దానికి తెలుసు. తోడు అన్న మాటకు మాత్రం దానికి తెలిసిన అర్థం ఒక్కటే.

లేదంటే ఏ గొడవా లేదు, తన దూడలు బతుకుతాయి. చుక్కదూడ వచ్చి ఆమె చెయ్యి నాకింది. దాలమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. దీపాలు పెట్టాక తప్ప, తోడడిగిన మనిషికి లేదన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అత్తయితే పగవాళ్లకైనా ఇచ్చేది.

"ఉండొదినా, వస్తన్నాను," అంది.

కుండలోది చెంబులోకి వంచి, అడుగున కాస్త తనకు ఉంచుకుంది. చెంబు కొంగుచాటున పెట్టుకుని తలుపు ముందు నిలబడింది.

"పక్క కొట్టం మనిషి తోడు కోరింది. ఒంటరితనం నమోదు చేశాను. ఎంతసేపు ఉంటావు?" అని అడిగింది పాలకి.

"తోడుకునేదాకా," అంది దాలమ్మ.

తలుపు తెరుచుకుంది. ఆమె నడవలో అడుగు పెట్టిందో లేదో, మాటగొట్టం మళ్లీ పలికింది. అవతలి కొట్టం. ఆ తరవాత ఆ పై కొట్టం. "మాకూ కూసింత తోడు, తల్లీ!" రేపు తెలిస్తే లోయనంతా కాలుస్తుందా? అయినా దాలమ్మ ఆగలేదు.

"ఇంతమంది ఒంటరివాళ్లా!" అంటూ పాలకి ఒక్కో తలుపే తీస్తోంది.