హనుమంతరాయుడు దాచిన గడ్డ

2003లో ఒక ఆదివారం పొద్దున, కంబదూరులోని తమ ఇంటి పెరట్లో హనుమంతరాయుడు తొట్టి దగ్గర వంగి మొహం కడుక్కుంటున్నాడు. బిందెతో వెనకగా వచ్చిన భార్య సుబ్బరత్నమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఆయన మెడ వెనక నిమ్మకాయంత గడ్డ.

ఎప్పటినుంచి అని అడిగితే మొన్నమొన్ననే అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగాక రెండేళ్లని తేలింది. తలంటు పోస్తానంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేదీ, ఎండల్లో కూడా మెడ మీది తువ్వాలు తీయనిదీ ఇందుకేనని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ముప్పై రెండేండ్ల కాపురం. రెండేండ్లు నాకు తెలీకుండా దాచిపెట్టినావా?"

"నొప్పి లేదు కదా. నీకెందుకు చెప్పల్లనుకున్యా."

ఆ మాటతో ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనిచేసే కూతురు ప్రసూన సెలవు పెట్టి వచ్చి, ఇద్దరినీ అనంతపురం తీసుకుపోయింది. సూదితో తీసి చూస్తే కణాల తీరు అనుమానంగా ఉందన్నారు. గడ్డ మొత్తం తీసి పరీక్షిస్తేగానీ కాన్సరో కాదో చెప్పలేమన్నారు. ఆపరేషన్ చేసి, ముక్కను బెంగుళూరు ల్యాబుకు పంపి, పది రోజులు ఆగమన్నారు.

ఆ రోజుల్లో సుబ్బరత్నమ్మ వేళకు మాత్రలిచ్చింది, కట్టు తడవకుండా చూసింది. మాట మాత్రం లేదు. మూరెడు దూరంలో కూర్చున్న మనిషికి ఇంకో సంగటి ముద్ద కావాలేమో కూతురి చేతనే అడిగించేది. ప్రసూనకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఎనిమిదో రోజు ఆమె అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తుంటే హనుమంతరాయుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు భయపడతావని కాదు. నేనే భయపడినాను. నోటితో అంటే నిజమైపోతాదేమో అనిపించింది."

ఆమె చాలాసేపు ఒలుస్తూనే ఉంది.

"నాతో చెప్పింటే నీ వంతు భయం సగమే కదా" అంది చివరికి. చేట ఆయన వైపు జరిపింది. ఇద్దరూ కలిసి ఒలిచారు.

పదోరోజు రిపోర్టు వచ్చింది. అది కొవ్వు గడ్డేనని, అరుదైన రకమని అనంతపురంలో డాక్టరమ్మ చెప్పింది. యాభై దాటిన మగవాళ్లకు మెడ వెనక వస్తుందట. లోపల నూలు వడికే కదురుల్లా సన్నగా ఉండే కణాలు సూది పరీక్షలో చూసేవాళ్లను కంగారు పెడతాయట. ప్రత్యేకంగా రంగులు వేసి చూస్తే సంగతి తేలింది, ప్రాణానికి ఏ భయమూ లేదు. సుబ్బరత్నమ్మ ఆ ఆఖరి మాట ఆమెతో రెండుసార్లు చెప్పించుకుంది.

తిరుగు బస్సులో హనుమంతరాయుడు భార్య చెవి దగ్గరికి వంగాడు.

"ఇంకొకటి చెప్పల్ల. ఎడమ మోకాలు ఆర్నెల్లుగా నొస్తాండాది."

సుబ్బరత్నమ్మకు నవ్వు ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"ఇంకా ఏమేముండాయో అన్నీ చెప్పు. ఊరు చేరేదానికి రెండు గంటలుండాది."