నాలుగో కప్పు

ఆ ఉత్తర్వును ఎవరూ నోటితో చెప్పలేదు.

పొంతియానాక్ నగరంలో భూమధ్యరేఖ స్తంభానికి వెనక వీధిలో ఒక రక్షణ కార్యాలయం ఉంది. అక్కడ గోడలకు పరుపులు బిగించిన గదిలో డైరెక్టర్ రొస్నియా ఒక కాగితాన్ని బల్ల మీదుగా ముందుకు తోసింది. ఏజెంట్ హమ్దాన్ దాన్ని తీసుకుని చదివాడు.

నెప్ట్యూన్‌కు అవతల ఏదో ఉంది. యాభై ఏళ్ళుగా అది మన రేడియో వింటోంది. మన గొంతులు, మన వేళాకోళాలు, మన తిట్లు అన్నీ దానికి వచ్చు. నౌకలోని మనిషిని మాయం చేసి, ఆ చోట ధూళితో అదే రూపాన్ని నిలబెట్టగలదు. పోయినసారి తిరిగి వచ్చిన నౌకలో రేడియో చెడిపోయింది. చెడిపోయిన క్షణంలోనే ఒక నావికుడు కూర్చున్న కుర్చీలో బూడిదై రాలిపోయాడు. ఆ రూపానికి రేడియో అలలే ప్రాణం.

రెండో కాగితం ఎంగాంగ్ అనే అంతరిక్ష నౌక గురించి. నలుగురు సిబ్బంది వెళ్ళి, దూరాన ఉన్న పరిశోధక యంత్రం నుంచి రికార్డులు తీసుకుని రావాలి. హమ్దాన్ వేషం వంటవాడిది. తిరుగు దారిలో భూమికి కాపలాగా ఉన్న ద్వారం దగ్గర రెండు రహస్య వాక్యాలు చెప్పాలి. మొదటిది కెప్టెన్‌ది. తొంభై సెకన్లలోపు రెండోది వినిపించకపోతే ద్వారం ఫిరంగులు నౌకను కాల్చేస్తాయి. ఆ రెండోది హమ్దాన్‌ది. రెండోది ఎవరిదో కెప్టెన్‌కు కూడా తెలియదు. 'వాన మొదలైంది' అంటే ద్వారం తెరుస్తారు. 'వాన వెలిసింది' అంటే తెరవరు, కాల్చరు, మనుషులే వచ్చి చూస్తారు.

మూడో కాగితంలో ఒకే వాక్యం. 'నౌకలో అది ఉందని తేలి, ఎవరో తేలకపోతే, ఆ నౌక భూమికి రాకూడదు.'

దాంతోపాటు బల్ల మీద ఒక స్టీలు ప్రెషర్ కుక్కర్ పెట్టింది. మందపాటి గోడలు, బిగుతైన మూత. అడుగున దొంగ అర, అందులో ఎర్ర మీట. నొక్కితే నౌక ఉండదు.

హమ్దాన్ తల ఊపాడు. రొస్నియా మూడు కాగితాలనూ గ్లాసు నీళ్ళలో వేసింది. అవి చక్కెరలా కరిగిపోయాయి.

"అన్నం వండటం వచ్చా?" అని అడిగింది. ఆ గదిలో ఆమె నోరు విప్పింది అప్పుడే.

"మా ఆవిడ రాదంటుంది బూ," అన్నాడతను, అమ్మగారూ అన్నట్టు.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఎంగాంగ్ తిరుగు దారిలో ఉంది.

నౌకలో ఎవరూ మారినట్టు కనిపించలేదు. కెప్టెన్ లిబావ్ ఎప్పటిలా పాత పాటలు తప్పు రాగంలో పాడేవాడు. ముసలి ఇంజనీర్ జైలాని మోకాళ్ళ నొప్పుల గురించి యంత్రాలతో చెప్పుకునేవాడు. నావిగేటర్ డాక్టర్ సిల్వానా బోంగ్‌ది పొంతియానాక్ వైపే, సింగ్‌కావాంగ్ అనే ఊరు. నక్షత్రాల మధ్య కూడా ఆమె లిప్‌స్టిక్ లేకుండా గదిలోంచి బయటికి రాలేదు. పరిశోధక యంత్రం దగ్గర ఈ ముగ్గురూ వంతులవారీగా, ఒంటరిగా, అరగంటేసి బయటికి వెళ్ళి వచ్చారు. హమ్దాన్ మాత్రం అప్పుడు వంటగది దాటలేదు. అన్నా అన్నట్టు అందరూ అతన్ని 'బాంగ్' అనేవారు.

అయితే అతను రోజూ నీళ్ళ ట్యాంకు కొలిచేవాడు. నలుగురు తాగిన నీళ్ళు చెమటగానో, ఊపిరిగానో, మరో దారినో శుద్ధి యంత్రానికి చేరి, మళ్ళీ ట్యాంకులోకి రావాలి. పరిశోధక యంత్రాన్ని వదిలి బయలుదేరిన నాటి నుంచి ముగ్గురి నీళ్ళే తిరిగి వస్తున్నాయి. ఎవరో తాగుతున్నారు. తాగింది ఎక్కడికీ పోవడం లేదు.

ఆ రోజు నుంచి హమ్దాన్‌కు అన్నం సయించలేదు. ముగ్గురికీ వడ్డిస్తూ ముగ్గురి మొహాలూ చూసేవాడు. ఎవరి నవ్వూ తేడాగా లేదు. యాంటెనా ఆపి చూద్దామంటే తాళం కెప్టెన్ దగ్గర ఉంది. కేబుల్ ఇంజన్ సొరంగంలో ఉంది, అందులోకి దూరగలిగేది జైలాని ఒక్కడే. సాయం అడగాలంటే ఎవరు మనిషో తెలియాలి. తెలియకపోతే కుక్కర్ అడుగున మీట ఉండనే ఉంది.

ద్వారం ఇంకో గంటలో వస్తుందనగా నాలుగు కప్పుల కాఫీ కలిపాడు. చిక్కటి పాలు, నల్లటి డికాక్షన్. నౌక వేగం తగ్గుతోంది కాబట్టి కాళ్ళు నేల మీద ఆనుతున్నాయి, కప్పుల్లో కాఫీ నిలుస్తోంది. ముందు సొరంగం దగ్గరికి తీసుకెళ్ళాడు. తాగే తీరిక లేదని జైలాని విసుక్కుంటూ లోపలికి పాకిపోయాడు. సిల్వానా గదిలో లేదు. పైలట్ గదిలో కెప్టెన్ చిరునవ్వు నవ్వాడు.

"వాసన అదిరింది బాంగ్. ద్వారం దాటాక తాగుతా," అని తెరల వైపు తిరిగాడు.

నాలుగు కప్పులూ నిండుగానే వంటగదికి తిరిగి వచ్చాయి. అతను కుక్కర్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇంట్లో భార్య, వీపు మీదెక్కి ఆడే కూతురు గుర్తొచ్చారు. అంతలో వెనక అడుగుల చప్పుడైంది.

"కుక్కర్ దగ్గర్నుంచి జరుగు బాంగ్," అంది సిల్వానా. ఆమె కుడి చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"అన్నం మాడిపోతుంది డాక్టర్."

"కింద ఎర్ర మీట ఉన్న కుక్కర్లో అన్నం మాడితే మాడనీ. రోజూ నీళ్ళు కొలుస్తున్నావు. ఏ వంటవాడు కొలుస్తాడు?"

"మంచి వంటవాడు."

ఆమె నవ్వలేదు. తను ఒక విదేశీ ముఠాకు పనిచేస్తున్నట్టు నటిస్తూ, ఆ ముఠా సంగతులు రొస్నియాకు చేరవేస్తున్నానని నాలుగు ముక్కల్లో చెప్పింది. "నాకు యజమానులు ఇద్దరు. నువ్వెవరో ఇద్దరూ చెప్పలేదు. బయటికి వెళ్ళని మనిషివి నువ్వొక్కడివే, నిన్నెవరూ చూడని అరగంటలు మూడు ఉన్నాయి. అది నువ్వేనా?"

ఏం చెప్పినా ఆమె నమ్మదు. ఆమె ఏం చెప్పినా అతను నమ్మలేడు. పద్నాలుగు నెలల వంటవాడి అలవాటు మాత్రం నోట్లోంచి వచ్చేసింది.

"కాల్చేదేదో కాఫీ తాగి కాల్చు."

"వద్దు," అంది ఆమె. పిస్టల్ కదల్లేదు. ఎడమ చేతి చిటికెన వేలు మాత్రం ముందుకు వచ్చి, కప్పులో కాఫీని అలా తాకి, పెదవులను ముట్టి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. తను ఆ పని చేసినట్టు ఆమెకే తెలియదు.

హమ్దాన్ ఆ వేలినే చూశాడు.

పొంతియానాక్ మీదుగా పారే కపువాస్ నది పొడవునా, ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనూ, ఏ జాతివాళ్ళయినా, ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా, తినమని తాగమని ఎవరైనా పెడితే తీరిక లేకపోయినా ఒక్క వేలు ముంచి పెదవికి తాకించకుండా గడప దాటరు. దాటితే దారిలో పామో, నీళ్ళలో మొసలో కాచుకుని ఉంటుందని భయం. ఆ మాట పైకి అనడమే కీడంటారు. తల్లి మాట్లాడకుండా పిల్ల వేలు పట్టుకుని కప్పులో ముంచుతుంది. అంతే నేర్పడం. యాభై ఏళ్ళ రేడియోలో ఆ సంగతి ఒక్కసారి కూడా వినిపించి ఉండదు.

ట్రే వైపు చూశాడు. జైలాని కప్పు అంచున గ్రీజు మరక ఉంది. ముసలాయన విసుక్కుంటూనే వేలు ముంచాడు. నాలుగో కప్పు కెప్టెన్‌ది. కెప్టెన్ దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

ఇదే లిబావ్ బయలుదేరిన రోజున, హమ్దాన్ అందించిన జావను ముట్టడానికి బిగించిన చేతి తొడుగు విప్పించుకుని, కౌంట్‌డౌన్ ఆపించాడు. రేడియోలో మాత్రం, తొడుగులో దురదగా ఉందని చెప్పాడు.

హమ్దాన్ నోరు తెరవబోయి ఆగాడు. గోడ మీద స్పీకర్ దీపం అప్పుడే వెలిగింది, ఇక ఇక్కడి మాట పైలట్ గదికి వినిపిస్తుంది. సిల్వానా ఎడమ చెయ్యి పట్టుకుని ఆ చిటికెన వేలు ఆమెకే చూపించాడు. తర్వాత నాలుగో కప్పు చూపించి, పైలట్ గది వైపు కళ్ళు తిప్పాడు. ఆమె పిస్టల్ మెల్లగా కిందికి దిగింది.

పళ్ళెంలో ఉన్న పిండి మీద అతను వేలితో రాశాడు: 'జైలాని. కేబుల్ పీకి, ఇరవై లెక్కపెట్టి, మళ్ళీ తగిలించాలి.' ఆమె చదివి, పిండిని చేత్తో చెరిపేసి, చెప్పులు వదిలి సొరంగం వైపు పరుగెత్తింది.

స్పీకర్లో కెప్టెన్ గొంతు వినిపించింది. ద్వారానికి మొదటి వాక్యం చెబుతున్నాడు. ప్రతి అక్షరం సరిగ్గా ఉంది. తొంభై సెకన్లు మొదలయ్యాయి.

హమ్దాన్ కుక్కర్ చంకన పెట్టుకుని పైలట్ గదికి నడిచాడు. గడియారం ఇంకా యాభై సెకన్లు చూపిస్తోంది.

"రెండోది నీదేనా బాంగ్? నేను డాక్టర్ది అనుకున్నా," అన్నాడు కెప్టెన్. "చెప్పెయ్ మరి. ఇంటికెళ్ళొద్దా?"

హమ్దాన్ చూపుల్లో ఏం కనిపించిందో, ఆ మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. రెప్ప పడలేదు.

"నేనెక్కడ తప్పాను?" అని అడిగింది అది. గొంతు ఇంకా లిబావ్‌దే. అందులో కోపం లేదు, నేర్చుకోవాలన్న ఆత్రం ఉంది. "చెప్పు. ఈసారి తప్పను."

ముప్ఫై అయిదు. హమ్దాన్ పెదవులు బిగించాడు.

రేడియో దీపం ఆరిపోయింది. కెప్టెన్ నిలువునా కూలిపోయాడు. చొక్కా, బూట్లు, వాటిలోంచి జారిన బూడిద రంగు పొడి మిగిలాయి. హమ్దాన్ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో, చొక్కా మడతల్లోంచి, బూట్ల మూలల్లోంచి, గింజ మిగలకుండా కుక్కర్లోకి ఎత్తాడు. మూత పెట్టి బిగించాడు. ఆ మందం స్టీలులోకి ఏ రేడియో అల కూడా దూరదు.

దీపం మళ్ళీ వెలిగింది. గడియారంలో నాలుగు.

"వాన వెలిసింది," అన్నాడు మైకులో.

రెండు దగ్గర అంకెలు ఆగాయి. ద్వారం తెరుచుకోలేదు. ఫిరంగులు పేలలేదు. కుక్కర్లో ఏదో మెత్తగా ఒకసారి గీరి ఊరుకుంది.

జైలాని గ్రీజు చేతులతో వచ్చి బూట్లను చూశాడు. "మా వాడు అక్కడే ఉండిపోయాడన్నమాట. ఆ చీకట్లో," అన్నాడు చివరికి. లిబావ్ చొక్కాను మడత పెట్టి కుర్చీ మీద ఉంచాడు.

మూడు వారాల పరీక్షల తర్వాత, పరుపులు బిగించిన అదే గదిలో, హమ్దాన్ రాసిన నివేదిక తీసుకుని రొస్నియా మొదటి వాక్యం పైకి చదవబోయింది. అతను వేలు అడ్డం పెట్టాడు. ఆమె మనసులోనే చదివింది. ఎలా కనిపెట్టాడన్న చోట ఖాళీ వదిలి ఉంది. తలెత్తి చూసింది.

అతను కాఫీ కప్పు ముందుకు జరిపాడు.

"మీటింగ్ ఉంది, వద్దు," అని ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళింది. పిడి మీద చెయ్యి వేసింది. హమ్దాన్ చూపు నిండు కప్పు మీదే ఉంది.

ఆమె వెనక్కి వచ్చి, చిటికెన వేలు ముంచి, పెదవికి తాకించుకుంది. ఆ వేలినే కాసేపు చూసుకుని, మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఫైలు అట్ట మీద తన చేత్తో రెండు వాక్యాలు రాసింది.

'పైకి చదవకూడదు. ముందు కాఫీ ఇవ్వకుండా ఎవరికీ చూపించకూడదు.'