రేవు చివర పిలిస్తే తిరిగి చూడండి

మా చెక్కల రేవు చివర ఉన్న పలకలకి చెడ్డపేరుంది. మా దీవి మీది జార్జ్‌టౌన్‌లో ఏ రిక్షావాణ్ణి అడిగినా చెబుతాడు. మా చీనావాళ్ళ లెక్కలో ఏడో నెల చచ్చినవాళ్ళు తిరిగే నెల. ఆ నెలలో, చీకటి పడ్డాక, అక్కడ నీళ్ళలోంచి ఎవరో పిలుస్తారు. తిరిగి చూశారో... అంతే. నీళ్ళలో పోయినవాడు విడుదల కావాలంటే తన చోట ఇంకొకణ్ణి పెట్టి వెళ్ళాలి. అందుకే పిలుస్తాడు. తెలిసిన గొంతుతో పిలుస్తాడు.

నేను ఈ రేవు మొదట్లోనే విడిది నడుపుతున్నాను. పేరు గేక్ సుయాన్. చిన్నా పెద్దా అందరికీ గేక్ అక్కనే. నా దగ్గర దిగినవాళ్ళకి గది తాళంతోపాటు నాలుగు మంచి మాటలు కూడా ఇస్తాను. కొండ మీదికి పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నమైతే మబ్బు కమ్మి మీ చెయ్యి మీకే కనబడదు. ఆలిచిప్పల అట్టు ఎక్కడ తినాలో నన్నడగండి, బోర్డు మీద బొమ్మ చూసి మోసపోకండి. గుళ్ళో గడప తొక్కకుండా దాటండి. రేవు మీది ఇళ్ళలోకి తొంగిచూసి ఫోటోలు తీయకండి, అవి మ్యూజియంలు కావు, లోపల మనుషులు అన్నం తింటుంటారు. ఇన్ని చెప్పినా తొంగిచూస్తారు, అది వేరే సంగతి.

చివరి మాట ఒకటుంది. ఊళ్ళో మిగతావాళ్ళు చెప్పేదానికి అది పూర్తిగా ఎదురు. రేవు చివర చీకట్లో ఎవరైనా పిలిస్తే... తిరిగి చూడండి.

ఎందుకో తేక్ నాకు చెప్పాడు. వాడు చెప్పినట్టే చెబుతాను.

తేక్‌ది రిక్షా. అతిథుల్ని ముందు కూర్చోబెట్టి, వెనక నుంచి తొక్కుతూ ఊరంతా తిప్పి, పొద్దు వాలే వేళకి రేవు దగ్గర దింపేవాడు. తమ్ముడు హాక్‌ది పడవ. అక్కణ్ణుంచి వాడు సముద్రం మీదికి తీసుకుపోయేవాడు. తల్లీ తండ్రీ లేని పిల్లలు. తేక్ తాను పస్తుండి వాణ్ణి పెంచాడు, అది నా కళ్ళతో చూశాను.

హాక్‌కి నోరెక్కువ. చెయ్యి ఇంకా ఎక్కువ. పక్క రేవు పడవలవాళ్ళతో రోజూ గొడవే. దిగిన అతిథులు మావాళ్ళంటే మావాళ్ళని కుమ్ములాట. ఆ రోజు మధ్యాహ్నం మాట మీద మాట పెరిగి, హాక్ తెడ్డు ఎత్తి ఒకడి మూతి మీద బాదాడు. పళ్ళు ఊడి పలకల మీద పడ్డాయి. పడవెక్కబోతున్న ఆవిడెవరో ఆ నెత్తురు చూసి అక్కడే కూలబడింది.

తేక్ పరుగున వచ్చి, తమ్ముణ్ణి జుట్టు పట్టి ఈడ్చి, అందరి ముందూ చెంపలు వాయించాడు.

"ఏదో ఒకరోజు వాళ్ళ చేతుల్లో చస్తావురా. చస్తే మాత్రం నా గుమ్మం తొక్కకు," అన్నాడు.

హాక్ చెంప తడుముకుంటూ నవ్వాడు. "చచ్చాక నాకింకెవరున్నారన్నా? నీ దగ్గరికే వస్తా. కాలు పట్టుకుని లాగుతా, చూడు."

ఏడో నెలలో అనకూడని మాట అది. తేక్ తుపుక్కున ఉమ్మేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

చీకటి పడింది. ఆ కూలబడిన ఆవిడ తేక్‌ని వెతుక్కుంటూ వచ్చింది. రేవు చివర సముద్రమ్మ గుడి దగ్గర తన సంచీ మరిచిపోయిందట. పాస్‌పోర్టు అందులోనే ఉంది. తెల్లారితే విమానం. ఏడుపు ఒక్కటే తక్కువ. ఏడో నెలలో ఆ వేళప్పుడు అక్కడికి ఎవరూ పోరు. కానీ తేక్‌కి అతిథి అంటే అతిథే. రిక్షా సీటు కింది పెద్ద పానా తీసి నడుముకి దోపుకున్నాడు. ఇనుము దగ్గరుంటే ధైర్యం కదా.

అటూ ఇటూ ఇళ్ళు. గుమ్మాల ముందు చచ్చినవాళ్ళ కోసం తగలేసిన కాగితాల బూడిద. తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఇళ్ళు అయిపోయాక దీపాలు కూడా అయిపోయాయి. పోటు మీద ఉంది సముద్రం. నీళ్ళు పలకల అడుగున తపతపా కొట్టుకుంటున్నాయి.

గుడి మెట్టు మీద సంచీ దొరికింది. భుజాన వేసుకుని వెనక్కి మళ్ళాడు.

"అన్నా..."

కాళ్ళ కిందనుంచి వచ్చింది.

తేక్ ఆగలేదు.

"అన్నా... న్నా..."

నోటి నిండా నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టుంది ఆ గొంతు. మాట సగమే బయటికొస్తోంది. హాక్ గొంతే... కాదు కూడా. తెలిసిన గొంతుతోనే పిలుస్తాడని చిన్నప్పటినుంచి విన్నదంతా ఒక్కసారి వాడి ఒంట్లోకి దిగింది. పళ్ళు బిగబట్టి నడిచాడు. అవతల ఇళ్ళలో కూడా ఆ పిలుపు విన్నారు. ఎవరో టీవీ గొంతు పెంచారు. ఎవరో తలుపు గడియ ఇంకోసారి చూసుకున్నారు. ఎవరూ బయటికి రాలేదు. ఏడో నెల మరి.

ఒకచోట పలక ఊడిపోయి సందు ఉంటుంది. తేక్ దాన్ని దాటబోయాడు... చల్లటి చెయ్యి ఒకటి పైకి వచ్చి కాలి మడమ దగ్గర పట్టుకుంది.

బోర్లా పడ్డాడు. గడ్డం పగిలింది. ఆ చెయ్యి వదల్లేదు. తన బరువంతా వేసి లాగుతోంది. కాలు మోకాలి దాకా సందులోకి దిగిపోయింది, చెక్క కొసలు కండని చీల్చాయి. తేక్ అరవలేకపోయాడు. నడుము తడుముకుంటే పానా చేతికి తగిలింది.

కొట్టాడు.

చేతి మీద కొట్టాడు. వేళ్ళ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అయినా పట్టు వదలదే... మళ్ళీ కొట్టాడు. ఒక్కో వేలూ కాలిని వదిలేదాకా, పిచ్చెత్తినట్టు, ఏడుస్తూ, అమ్మ పేరు తలుచుకుంటూ కొట్టాడు. కింద ఏదో మూలిగింది. ఆఖరి వేలు జారిపోయింది. నీళ్ళలో ధబ్బుమన్న చప్పుడు. ఆ తరవాత అలలు తప్ప ఏమీ లేదు.

సంచీ ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ దండం పెట్టినంత పని చేసింది. కారుతున్న నెత్తురుతోనే ఇంటికిపోయి సారా తాగి పడుకున్నాడు. పడుకునే ముందు తమ్ముడి మంచం ఖాళీగా ఉండడం చూశాడట. అలిగి పడవలో పడుకున్నాడనుకున్నాడు.

తెల్లారి నీళ్ళు తీశాయి. రేవు చివర, బురదలో, ఒక గుంజకి వేలాడుతూ హాక్ కనబడ్డాడు.

పక్క రేవువాళ్ళు వాణ్ణి పొద్దు వాలగానే కాపు కాసి పట్టుకున్నారు. కాలు విరగ్గొట్టారు. దవడ పగలగొట్టారు. సముద్రంలోకి విసిరేశారు. వాడు ఎలాగో గుంజ దాకా ఈదుకొచ్చి, కొట్టుకుపోకుండా పడవ తాడుతో తన్ను తానే దానికి కట్టేసుకున్నాడు. నీళ్ళు పైకి లేస్తుంటే, ఎవరైనా వస్తారని చూశాడు. వచ్చిన అడుగులు అన్నవని గుర్తుపట్టాడు. పగిలిన దవడతో పిలవగలిగినంత పిలిచాడు. ఇక పిలవలేక చెయ్యి చాచాడు.

తేక్ ముందు చూసింది తమ్ముడి మొహం కాదు. ఆ కుడిచెయ్యి. ఒక్క వేలూ సరిగా లేదు.

అలాగే నా దగ్గరికి వచ్చి, పానా నా బల్ల మీద పెట్టాడు. నేను గట్టిదాన్నే, అయినా వాణ్ణి దగ్గరికి తీసుకోవడానికి కూడా నా చేతులు రాలేదు.

కొట్టినవాళ్ళని పోలీసులు పట్టుకున్నారు. జైలుకి పంపారు. వేళ్ళు విరగ్గొట్టింది కూడా వాళ్ళేనని రాశారు. తేక్ స్టేషన్‌కి పోయి నేనే, నేనే అన్నాడు. దుఃఖంలో ఏదేదో అంటున్నాడని టీ తాగించి ఇంటికి పంపేశారు. రేవు మీద ఆ పిలుపు విన్నవాళ్ళు ఉన్నారే... వాళ్ళలో ఒక్కరు కూడా తేక్ మొహంలోకి చూడరు. వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ రాత్రి నా కిటికీ కూడా మూసే ఉంది గనక ఊరుకున్నాను.

రిక్షా అమ్మేశాడు. పొద్దు వాలగానే పోయి ఆ ఊడిన పలక దగ్గర కూర్చుంటాడు. ఒక కాలు సందులోకి దించి, బాగా కిందికి, మడమ అందేలా.

పోయిన ఏడో నెలలో ఒకరోజు, వాన మొదలయ్యేలా ఉందని, గొడుగూ టార్చీ పట్టుకుని వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళాను. అలాగే కూర్చుని ఉన్నాడు, కాలు కిందికి వదిలేసి.

"లేరా తేక్. వాన వస్తోంది."

"ష్... ఆగక్కా. వచ్చాడు."

సందులోంచి టార్చీ వేశాను. ఆటు మీద ఉంది సముద్రం. కింద నీళ్ళు కూడా లేవు. బురద, రెండు పీతలు. మనిషన్నవాడు లేడు. వెలుతురు వాడి మడమ మీదికి తిప్పాను.

చర్మం నాలుగైదు చోట్ల లోపలికి నొక్కుకుపోయి ఉంది.

చేత్తో పట్టుకుంటే పడే గుర్తుల్లా లేవవి. ఒకటి పైకి, ఒకటి పక్కకి, ఒకటి వెనక్కి... దేని దారి దానిది. నేను చూస్తుండగానే ఒక గుంట జారి మాయమైంది. మళ్ళీ తడుముకుంటూ వచ్చి అక్కడే నొక్కుకుంది.

తేక్ వంగి, చిన్నప్పుడు తమ్ముడికి అన్నం తినిపించేటప్పటి గొంతుతో ఏదో గొణిగాడు. తరవాత నా వైపు చూశాడు.

"నొప్పేం లేదక్కా," అన్నాడు. "గట్టిగా పట్టుకుందామనే చూస్తాడు పాపం... వేళ్ళు రావడం లేదు."