కెమెరా చూపించని కలీం

“ఆ కెమెరా ఇలా ఇవ్వండి.”

సిద్దికా అంత గట్టిగా అంటుందని ఎవరూ అనుకోలేదు. కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు. ప్రత్తిపాడు పొలాల్లో ఆరబోసిన మిరపకాయల చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసుకుంటున్న ఫొటోగ్రఫీ క్లబ్ సభ్యులంతా ఇటు తిరిగారు.

కలీం రెండడుగులు వెనక్కి వేసి కెమెరాను వీపు వెనక దాచుకున్నాడు.

“ఎందుకండీ?”

“ఎందుకో మీకు తెలీదా? పొద్దుటి నుంచి మూడుసార్లు చూశాను. నేనెటు తిరిగితే అటు మీ లెన్స్ నా మీదే ఉంటోంది.”

“నేను మిమ్మల్ని తియ్యలేదండీ.”

“అయితే చూపించండి.”

“చూపించలేను.”

అతని చెవులు కందిపోయాయి. సిద్దికాకి అది చాలు. తప్పు చెయ్యనివాడికి చెవులెందుకు కందిపోతాయి?

క్లబ్ పెట్టిన శివపార్వతి గారు మధ్యలోకి వచ్చారు. గుంటూరు కాలేజీల్లో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన గొంతు ఆవిడది.

“కలీం, అందరికీ వద్దు. నాకొక్కదానికే చూపించు.”

“తప్పు ఫొటోలు ఒక్కటీ లేవు మేడమ్. కానీ ఇక్కడ చూపించలేను.”

“అయితే చూపించేదాకా క్లబ్బుకి రావద్దు.”

అతను వాదించలేదు. కెమెరాను సంచిలో పెట్టుకుని, బైక్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. అందరూ సిద్దికాని మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం మనసు కుదుటపడలేదు. దొంగైతే ఎదురు తిరగాలిగా, తలొంచుకుని వెళ్తాడేంటి అనుకుంది. మరుక్షణమే, తలొంచుకునేవాళ్లే అసలు దొంగలేమో అని కూడా అనుకుంది.

అనుమానం ఆమెకి ఊరికే రాలేదు. రెండేళ్ల క్రితం పిన్ని కూతురు నజ్మీన్ ఫొటో ఒకటి, ఏదో పెళ్లిలో ఎవరో తీసింది, పిచ్చి రాతలతో ఫోన్లన్నీ తిరిగింది. కుదిరిన సంబంధం చెడింది. నజ్మీన్ ఆరు నెలలు గడప దాటలేదు. ఆ తర్వాత ఎక్కడ లెన్స్ కనిపించినా అది ఎటు తిరిగి ఉందో చూసుకోవడం సిద్దికాకి అలవాటైపోయింది.

తండ్రి గౌస్ బాషాకి గుంటూరులో పరుపుల షాపు. కూతురు క్లబ్బులో చేరతానంటే ఆయన ఒక్కటే మాట అన్నాడు. “నువ్వు ఎంతమందినైనా ఫొటో తియ్యి తల్లీ. నీ ఫొటో మాత్రం ఎవరి చేతిలోనూ ఉండకూడదు.”

అందుకే కళ్లంలో జరిగింది ఆమె ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆదివారాలు పోతాయి. వారంలో ఆరు రోజులు ల్యాబ్‌లో నెత్తురు పరీక్షలు చేసే సిద్దికాకి ఆ ఒక్క పూటే తనది.

గురువారం మధ్యాహ్నం క్లబ్బులో తోటి సభ్యుడు రంజాన్ ఫోన్ చేశాడు.

“సిద్దికా గారూ, ఆ కలీం మీ నాన్నగారి షాపు ఎక్కడని అడిగాడండీ. పరుపు కావాలేమోనని చెప్పేశా.”

“చెప్పేశారా!”

ల్యాబ్‌లో పర్మిషన్ పెట్టి బయటపడి ఆటో ఎక్కింది. క్లబ్బులోంచి పంపించారన్న కోపంతో వెళ్లాడా? బెదిరిస్తాడా? లేనిపోనివి కల్పించి చెబుతాడా? ఏం చెప్పినా తన క్లబ్ ఈ రోజుతో సరి.

షాపులో కలీం దూది మూట పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కెమెరా గౌస్ బాషా చేతిలో ఉంది.

“ఇవేంటి బాబూ, అన్నీ అంకెలే ఉన్నాయి?” అంటున్నాడాయన.

సిద్దికా కెమెరా అందుకుని బటన్ నొక్కింది. మొదటి ఫొటోలో ఉన్నది తన కెమెరా వెనకున్న చిన్న స్క్రీన్. రెండో దాంట్లో పైనున్న డయల్. మూడో దాంట్లో మళ్లీ స్క్రీన్, మూలన తన బొటనవేలు. ఇలాంటివే నలభైకి పైగా ఉన్నాయి. ప్రతిదాని తర్వాతా తను తీసిన మిరపకాయల రాశినే అతనూ తీశాడు. ఒకటి చీకటిగా వచ్చింది, ఒకటి తెల్లగా పాలిపోయింది, ఇంకొకటి కాస్త నయం.

“నా కెమెరాలో అంకెలు మీకెందుకండీ?”

కలీం టీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. “నేను ఎనిమిది దాకా చదివానండి. ప్రత్తిపాడులో స్ప్రేయర్లు రిపేరు చేస్తా. ఈ కెమెరా పాడైపోయిందని ఎవరో పారేస్తుంటే తెచ్చుకుని బాగుచేశా. విప్పి బిగించడం వచ్చు, వాడటం రాదు. మేడమ్ గారు చెప్పేదంతా ఇంగ్లీషు. ఇచ్చే కాగితాలూ ఇంగ్లీషే. మీ ఫొటోలు బాగా వస్తాయి కదా, మీరేం అంకె పెడితే నేనూ అదే పెడదామని...”

“నన్ను అడగొచ్చుగా?”

“మీరు చూసే చూపుకి మంచినీళ్లు అడగాలన్నా భయమేనండి.”

నవ్వాపుకోబోయి గౌస్ బాషాకి పొలమారింది.

సిద్దికా మాత్రం నవ్వలేదు. చివరిదాకా చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. అనుకున్నంతా అయింది. తన మొహం! కళ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచి, మిరప ఘాటుకి తుమ్ముతున్న మొహం.

“మరి ఇదేంటి?”

“ఉన్నట్టుండి ఇటు తిరిగి తుమ్మారండి. దానికోసమే వచ్చా. నేనే తీసేస్తే ఇంకేం దాచానోనన్న అనుమానం మీకుంటుంది. మీ ముందు, మీ నాన్నగారి ముందు తీసేస్తే మంచిదనుకున్నా.” కెమెరా తీసుకుని, ఇద్దరికీ కనిపించేలా పట్టుకుని, డిలీట్ నొక్కాడు. “అంకెలు మాత్రం ఉంచుకోవచ్చాండీ?”

ఆమె తలూపింది.

అతను వెళ్లాక గౌస్ బాషా దూది సర్దుతూ అడిగాడు.

“ఇంత జరిగితే నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే మానిపిస్తారని నాన్నా.”

“మానిపించేవాణ్ణే,” అన్నాడాయన నిజాయితీగా. “ఇప్పుడు మానిపించను. కానీ ఆ పిల్లాణ్ణి పదిమందిలో అన్నావు. చెప్పాల్సిన మాట కూడా పదిమందిలోనే చెప్పు.”

ఆదివారం క్లబ్ మీటింగుకి కలీంని తనే పిలిపించింది. అందరూ కూర్చున్నాక లేచి నిలబడింది.

“ఆ రోజు కలీం గారిని నేను అనవసరంగా అన్నాను. ఫొటోలన్నీ చూశాను. ఆయన తప్పేం లేదు. సారీ అండీ.”

“మరి వాటిలో ఏముంది?” అన్నాడు రంజాన్.

“అది చెప్పాల్సింది నేను కాదు.”

గదంతా గుసగుసలు. వెనక బెంచీలోంచి కలీం లేచాడు. “నేనే చెప్తా. నాకు ఇంగ్లీషు రాదు మేడమ్. మీరు చెప్పేది సగం కూడా అర్థం కావట్లేదు. అందుకే ఆవిడ కెమెరా చూసి కాపీ కొడుతున్నా.”

తర్వాత రంజాన్ మెల్లగా చెయ్యెత్తాడు. “నాకూ అర్థం కావట్లేదు మేడమ్.” అతని పక్కన ఇంకొకరు చెయ్యెత్తారు, వాళ్ల వెనక మరో ముగ్గురు. శివపార్వతి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఏడాది నుంచి తలలూపుతున్నారు కదయ్యా!” అని, చాక్‌పీస్ అందుకుని బోర్డు మీద ‘వెలుతురు’ అని రాశారు. ఆ రోజు నుంచి పాఠం తెలుగులోనే.

సిద్దికా తన వంతుగా పాఠం అయ్యాక అరగంట కలీం పక్కన కూర్చునేది. ఏ అంకె పెంచితే వెలుతురు ఎంత పెరుగుతుందో నోట్‌బుక్‌లో గీసి చూపించేది. ఒకసారి ఆమె లెన్స్ బిగుసుకుపోతే అతను గోరంత స్క్రూడ్రైవర్‌తో విప్పి, లోపల చిక్కుకున్న మిరప గింజ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. “అసలు దొంగ ఇదేనండీ,” అన్నాడు. ఆమె మొదటిసారి అతని ముందు పగలబడి నవ్వింది.

ఎండాకాలం వెళ్లిపోయింది. పత్తి గింజలు నాటే రోజులొచ్చాయి. క్లబ్ వాళ్లంతా ఒక మినీ బస్సు మాట్లాడుకుని వినుకొండ కొండెక్కారు. పైకి చేరేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. అందరూ కెమెరాలు కప్పుకుని బండల కిందికి పరుగెత్తారు. సిద్దికా ఒక పెద్ద బండ కింద నిలబడింది. కలీం వచ్చి మూరెడు దూరంలో నిలబడ్డాడు.

“చినుకు గీతలా పడాలంటే షట్టర్ నెమ్మదిగా ఉండాలా, వేగంగా ఉండాలాండీ?”

“నెమ్మదిగా. పోయిన వారం కూడా చెప్పాను.”

“అవునండీ. మరి చుక్కలా ఆగిపోవాలంటే?”

సిద్దికా అతని వైపు తిరిగి కళ్లు చిన్నవి చేసింది. స్ప్రేయర్ ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే మనిషి, ఒకే డౌటు ఇన్నిసార్లు అడుగుతున్నాడేంటి?

“కలీం గారూ, నిజం చెప్పండి. మీకు షట్టర్ స్పీడ్ అర్థం కాలేదా?”

అతను కొండ కింద తడుస్తున్న ఊరి వైపు చూశాడు. చెవులు మళ్లీ కందిపోయాయి.

“ఏప్రిల్లోనే అర్థమైందండీ.”

“మరి ఇన్నాళ్లూ?”

“అర్థమైందని చెప్తే మీరు అరగంట కూర్చోవడం మానేస్తారు కదా.”

ఆమె నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. చినుకులు కాస్త జోరందుకున్నాయి.

“ఇదైనా నిజమేనా? ఇంకేమైనా దాచారా?”

“ఇంకొక్కటుందండీ. మీ నాన్నగారి దగ్గరికి మా అమ్మని పంపుదామనుకుంటున్నా.”

“నాన్నని తర్వాత అడుగుదురు గాని. ముందు నన్ను అడగండి.”

కలీం గొంతు సవరించుకున్నాడు. “నన్ను చేసుకుంటారా, సిద్దికా గారూ?”

“బస్సెక్కేలోపు చెప్తాను,” అని ఆమె చున్నీ తల మీదికి లాక్కుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

అన్ని మెట్లూ అతను వెనకే దిగాడు. కింద బస్సు హారన్ కొడుతోంది. “త్వరగా రండమ్మా,” అని శివపార్వతి గారు కిటికీలోంచి కేకేశారు. సిద్దికా ఫుట్‌బోర్డు ఎక్కి, కడ్డీ పట్టుకుని, వెనక్కి తిరిగింది.

“మా నాన్న ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటారు. అమ్మగారితో కలిసి భోజనానికి రండి.”

“అంటే...”

“అంటే అదే,” అని గబుక్కున లోపలికి వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది.

డ్రైవర్ గేరు వేశాడు. బస్సు మలుపు తిరిగి మెయిన్ రోడ్డెక్కింది. అప్పుడు గానీ సిద్దికా కలీం కూర్చునే వెనక సీటు వైపు చూడలేదు. అది ఖాళీగా ఉంది. కంగారుగా కిటికీలోంచి తల బయట పెట్టింది. దూరంగా, కొండ మెట్ల దగ్గర, వానలో నిండా తడుస్తూ కలీం తనలో తనే నవ్వుకుంటున్నాడు. బస్సెక్కాలన్న సంగతే మర్చిపోయాడు.