సమన్లు వెళ్లకముందే

"అసలీయన ఎవరండి మాట్లాడటానికి?"

నందిగామ మేజిస్ట్రేటు కోర్టు హాలంతా ఆ అమ్మాయి వైపు తిరిగింది. ఆమె వేలు చూపిస్తున్నది అబ్జెక్షన్ చెబుదామని లేచిన కుర్ర లాయరు జయదేవ్‌ని.

బోనులో నిలబడ్డ వాగ్దేవి మాత్రం తడబడలేదు. "నా ప్రైవేటు కంప్లయింటు ఇంకా ఫైలుకే తీసుకోలేదు సార్, కేసు నంబరే పడలేదు. ముద్దాయికి సమన్లే వెళ్లకుండా ఆయన లాయరు ఏ హక్కుతో లేచారో అడగండి."

మేజిస్ట్రేటు నవ్వు ఆపుకున్నారు. "నిజమేనమ్మా. జయదేవ్ గారూ, మీ వకాల్తా ఇప్పుడు తీసుకోను. కూర్చోండి."

అది తొంభై ఎనిమిది వానాకాలం. జగ్గయ్యపేటలో మేజిస్ట్రేటు పోస్టు ఖాళీగా ఉండి, ఆ ఊరి కేసులు కూడా నందిగామకే వస్తున్నాయి. వాగ్దేవి పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. గది ఖాళీ చెయ్యలేదని ఇంటి ఓనరు బ్రహ్మయ్య ఆమె మూడు టైపు మిషన్లనూ మేడ మీద నుంచి రోడ్డు మీదికి విసిరేయించాడు. పోలీసులు సివిల్ తగాదా అని పంపేశారు. లాయర్ల కాగితాలు కొట్టీ కొట్టీ సెక్షన్లు వంటబట్టిన పిల్ల, తన ఫిర్యాదు తనే టైపు చేసుకుని కోర్టుకెక్కింది.

చూసినవాళ్లు బోలెడుమంది. బ్రహ్మయ్యకు జడిసి ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. రెండో వాయిదాకూ ఆమె ఒంటరిగానే వచ్చింది.

"వచ్చే వాయిదాకి సాక్షి లేకపోతే ఫైలుకి తీసుకోకుండానే కొట్టేస్తాను," అన్నారు మేజిస్ట్రేటు.

ఆ సాయంత్రం జోరు వాన. పేట బస్సులో జయదేవ్ పక్క సీటు ఒక్కటే ఖాళీ. అయినా వాగ్దేవి నిలబడే ఉంది.

"కూర్చోండి. ఇక్కడ అబ్జెక్షన్ చెప్పే హక్కు నాకు లేదు."

ఆమె పెదవులు బిగించింది గానీ కళ్లు నవ్వాయి. కోర్టులో కూర్చోబెట్టిన రోజునే పడిపోయిన మనవాడి పని అక్కడితో పూర్తయింది.

చిల్లకల్లు దాటాక అతనిక ఉండబట్టలేకపోయాడు. "ఆ రోజు ఎదురు కొట్లో టీ తాగుతున్నా. మూడు మిషన్లూ పడటం చూశా."

"చూసి కూడా ఆయన తరఫున లేచారా?"

"సీనియర్ పంపారు." సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

"సాక్ష్యం చెబుతారా, చెప్పరా?"

"చెబుతా. ఇంకో మాట కూడా..."

"అది వద్దు. మీరు నాకు కావలసినవాళ్లని తేలితే మీ సాక్ష్యానికి విలువుండదు. కేసు ఫైలయ్యేదాకా నోరు మూసుకోండి."

ప్రేమ సంగతి ఎత్తకముందే వాయిదా వేసే ఆడపిల్లను జయదేవ్ ఎక్కడా చూడలేదు.

సీనియర్ వరప్రసాదరావు మండిపడ్డాడు. "బ్రహ్మయ్య మన పార్టీ, మనకి ఫీజిచ్చే మనిషి. బోనెక్కావా, మళ్లీ నా ఆఫీసు గడప తొక్కకు."

"వకాల్తా తీసుకోలేదు కదండి. ఆయన నాకు పార్టీ ఎప్పుడయ్యాడు?" అని గౌను చంకన పెట్టుకుని బయటికొచ్చేశాడు జయదేవ్.

మూడో వాయిదాకి బోనెక్కి, ప్రమాణం చేసి, చూసింది చూసినట్టు చెప్పాడు. మేజిస్ట్రేటు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఫిర్యాదితో మీకేమన్నా సంబంధం ఉందా?"

'లేదు' అని చెబితే కేసు నిలబడుతుంది. ఆ ఒక్క ముక్క అనేస్తే చాలనుకుంది వాగ్దేవి.

"ఆవిడకి నాతో ఏ సంబంధమూ లేదు సార్. నాకు మాత్రం ఆవిడంటే ఇష్టం. అది పుట్టింది ఈ హాల్లోనే, నన్ను కూర్చోబెట్టిన రోజున. మిషన్లు పడింది అంతకు రెండు నెలల ముందు. ఆ ఇష్టం ఇంకా పుట్టనప్పుడు చూసిందే చెబుతున్నా. కావాలంటే రెండూ రాసుకోండి."

మేజిస్ట్రేటు కలం ఆగింది. మళ్లీ కదిలింది. రెండూ రాసుకున్నారు.

"కేసు ఫైలుకి తీసుకుంటున్నాను. ముద్దాయికి సమన్లు పంపండి."

వరండాలో వాగ్దేవి అతనికి అడ్డం నిలబడింది. "చెప్పద్దన్నానా? రేపు విచారణలో ఆ మాట పట్టుకుని మిమ్మల్ని ఉతికి ఆరేస్తారు."

"ఆరెయ్యనివ్వండి."

"నన్నూ వదలరు. ఆయనంటే నీకూ ఇష్టమేనా అని అడుగుతారు."

"ఏం చెబుతారు?"

"ప్రమాణం మీకొక్కరికేనా? అడగమనండి. బ్రహ్మయ్య ముందే, హాలంతా వినేట్టు అవునని చెబుతా."